థాయ్ నామ్ చిమ్ చ్యావ్, రాతకెక్కిన వంటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈశాన్య థాయిలాండ్‌ను ఈసాన్ అంటారు. అక్కడ కాల్చిన కోడి, పంది, గొడ్డు మాంసాల్లో నంజుకునే పుల్లటి కారపు సాస్ నామ్ చిమ్ చ్యావ్. చేయబోయేవాళ్లకు కొలతల మీద, చేసినవాళ్లకు రుచి మీద, పాత థాయ్ వంట పుస్తకాలు తిరగేసేవాళ్లకు ఆ రాతల మీద అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే జవాబులు ఒకచోట పెట్టాం. ఎక్కడి నుంచైనా చదవచ్చు. టేబుల్ స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు, టీస్పూన్ అంటే 5.

## మొదలుపెట్టే ముందు

నామ్ చిమ్, నామ్ ఫ్రిక్, చ్యావ్... ఇవన్నీ ఒకటేనా?

కాదు. నామ్ అంటే నీళ్లు, చిమ్ అంటే ముంచడం. పలుచగా ఉండి ముక్కను ముంచుకు తినేదేదైనా నామ్ చిమ్మే. ఫ్రిక్ అంటే మిరప. నామ్ ఫ్రిక్ మన రోటి పచ్చడికి వరసైనది: రోట్లో దంచి, అన్నంలోకి, ఉడికించిన కూరగాయల్లోకి, వేయించిన చేపలోకి పెట్టుకుంటారు. ఈసాన్‌లోనూ లావోస్‌లోనూ దంచిన కారాలన్నిటికీ చ్యావ్ అనే పేరుంది. కాల్చిన మాంసం పక్కన గిన్నెలో వచ్చే పలుచటి రకమే నామ్ చిమ్ చ్యావ్. ఇంగ్లీషులో దీన్ని ‘జే’ అక్షరంతో రాస్తారు, పలికితే మాత్రం మన ‘చ’కే దగ్గర.

ఇంట్లో శ్రీరాచా సీసా ఉంది, అది చాలదా?

నంజుకోవడానికి చాలుతుంది, చ్యావ్ మాత్రం కాదు. శ్రీరాచాలో పండుమిరప, వెల్లుల్లి, వెనిగర్, పంచదార, ఉప్పు ఉంటాయి. చింతపండు, వేయించిన బియ్యప్పొడి ఉండవు. ఆ పేరు చోన్‌బురి రాష్ట్రంలోని సి రాచా పట్టణానిది. రాత ప్రకారం అది అచ్చంగా మన ‘శ్రీరాజా’యే. కోడిపుంజు బొమ్మ ఉన్న సీసా థాయిలాండ్‌ది కాదు, వియత్నాం నుంచి వలస వెళ్లిన కుటుంబం 1980లో కాలిఫోర్నియాలో పెట్టిన కంపెనీది.

నలుగురికి సరిపడా కొలత ఒక్కచోట చెప్పండి.

ఫిష్ సాస్ 3 టేబుల్ స్పూన్లు, చిక్కటి చింతపండు గుజ్జు 4 టేబుల్ స్పూన్లు, తాటి బెల్లం లేదా లేత రంగు బెల్లం 25 గ్రాములు, నిమ్మరసం 1 టేబుల్ స్పూను, వేయించి దంచిన ఎండుమిరప 2 టీస్పూన్లు, వేయించిన బియ్యప్పొడి 1 టేబుల్ స్పూను, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు 3, తరిగిన ఉల్లికాడలు, కొత్తిమీర కలిపి గుప్పెడు. చివర్లో చూసుకుని 1–2 టేబుల్ స్పూన్ల నీళ్లు.

ముందు పులుపు, వెంటనే ఉప్పు, ఆ వెనక కారం తగలాలి. తీపి మిగతా మూడింటినీ కలపడానికే, విడిగా నాలుకకు తెలియకూడదు.

దేంతో తింటారు?

ఈసాన్‌లో కాల్చిన కోడి, జిగురు బియ్యంతో వండే ముద్ద అన్నం. మనకైతే తందూరీ చికెన్‌కి, పెనం మీద కాల్చిన పుట్టగొడుగులకి, పనీర్‌కి కుదురుతుంది. మసాలా గట్టిగా పట్టించిన వేపుళ్ల పక్కన పెడితే రెండూ కొట్టుకుంటాయి.

## సరుకులు

ఫిష్ సాస్ బదులు ఉప్పు వేస్తే సరిపోదా?

ఉప్పదనం వస్తుంది, రుచి రాదు. చిన్న చేపల్ని (ఎక్కువగా నెత్తళ్ల జాతి) ఉప్పులో ఏడాదీ అంతకు మించీ మగ్గబెడితే మాంసకృత్తులు విడిపోయి గ్లూటమేట్ లాంటివి తయారవుతాయి. నాలుక మీద నిలిచే ఆ రుచి ఉప్పుకి లేదు. సీసా కొనేటప్పుడు వెనక చదవండి: చేప, ఉప్పు, మహా అయితే పంచదార. మూత తీయగానే కొట్టే వాసన చూసి వెనక్కి తగ్గకండి, చింతపండు పులుపులో పడ్డాక అది అణిగిపోతుంది.

మేం చేపలు తినం. ఏం చేయాలి?

3 టేబుల్ స్పూన్ల ఫిష్ సాస్‌కి బదులు 2½ టేబుల్ స్పూన్ల లైట్ సోయా సాస్, అర టీస్పూను ఉప్పు వేయండి. డార్క్ సోయా వద్దు, నల్లబడి బెల్లపు రుచి కొడుతుంది. రెండు ఎండు షిటాకే పుట్టగొడుగుల్ని నాలుగు టేబుల్ స్పూన్ల వేడినీళ్లలో నానబెట్టి, పలుచన చేయడానికి ఆ నీళ్లే వాడితే లోటు చాలావరకు తీరుతుంది.

మన చింతపండు పనికొస్తుందా, థాయ్ పేస్టే కొనాలా?

మనదే పనికొస్తుంది. గింజ, పీచు తీసిన 30 గ్రాముల చింతపండుని 90 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 15 నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిసికి వడకట్టండి. 4 టేబుల్ స్పూన్లకు తక్కువ కాకుండా గుజ్జు వస్తుంది. చారుకి తీసినట్టు పలుచగా తీయకండి, చెంచా వెనక పూతలా నిలవాలి. పాత చింతపండైతే సాస్ నల్లగా వస్తుంది, రుచికి లోటు లేదు.

సీసాల దగ్గరే పొరపాటు జరుగుతుంది. థాయ్ సీసాలో ఉండేది గుజ్జు, కొలతకు కొలత వేయొచ్చు. మన దుకాణాల్లో దొరికే నల్లటి చింతపండు కాన్సన్‌ట్రేట్ మరగబెట్టి చిక్కబరిచినది. అది 4 టేబుల్ స్పూన్లు వేస్తే నోట్లో పెట్టలేరు. 2 టీస్పూన్లు తీసుకుని 3 టేబుల్ స్పూన్ల నీళ్లలో కరిగించండి. ఇంకో సంగతి: థాయిలాండ్‌లో పండులా ఒలుచుకు తినే తీపి చింతకాయలు వేరే రకం, ఈ పనికి రావు.

తాటి బెల్లం, థాయ్ పామ్ షుగర్ ఒకటేనా?

చెట్టు ఒకటే కావచ్చు. ఫెచ్చబురి ప్రాంతంలో తీసేది మన తాటిచెట్టు నీరా నుంచే. చాలా సీసాల్లో కొబ్బరి నీరా నుంచి తీసినదీ ఉంటుంది. థాయ్‌ది లేత గోధుమ రంగులో, మెత్తగా ఉంటుంది. మన తాటి బెల్లం నల్లగా, కాస్త ఘాటుగా ఉంటుంది కాబట్టి 25 గ్రాములకి బదులు 20తో మొదలుపెట్టండి. నలకలు ఉంటాయి, కరిగించి వడకట్టడం మరవొద్దు.

ఇంట్లో ఉన్న కారప్పొడి వేశాను, ఎర్రటి బురదలా అయింది. ఎందుకు?

మన కారప్పొడి వేయించని ఎండుమిరపను మెత్తగా పట్టించినది. సాస్‌లో పడగానే నీళ్లు పీల్చుకుని ముద్ద అవుతుంది, పచ్చివాసన మిగులుతుంది. కొన్ని ఇళ్లలో నిల్వకని అందులో నూనె, ఉప్పు కూడా కలుపుతారు. చ్యావ్‌కి కావాల్సింది ఫ్రిక్ పొన్: ఎండుమిరపకాయల్ని నూనె లేకుండా సన్నసెగ మీద 3–4 నిమిషాలు, రంగు ఒక ఛాయ ముదిరేదాకా వేయించి, చల్లారాక కచ్చాపచ్చాగా దంచినది. గుంటూరు సన్నాలైతే 8 కాయలు చాలు. బ్యాడిగీ రంగుకే గాని కారానికి ఆనదు.

## చేసేటప్పుడు

బియ్యం ఎంతసేపు వేయించాలి? ఏ బియ్యం?

ఈసాన్‌లో జిగురు బియ్యమే వాడతారు, ఆ పొడిని ఖావ్ ఖువా అంటారు. దొరక్కపోతే సోనా మసూరి అయినా ఫర్వాలేదు, బాస్మతి మాత్రం వద్దు, దాని సొంత వాసన అడ్డొస్తుంది. కడగకుండా 2 టేబుల్ స్పూన్ల బియ్యాన్ని అడుగు మందంగా ఉన్న మూకుట్లో సన్నసెగ మీద 12–15 నిమిషాలు కదుపుతూ వేయించాలి.

మొదటి ఐదు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇక్కడే చాలామంది మంట పెంచుతారు, పైన మాడి లోపల పచ్చిగా మిగిలేది అందుకే. తరువాత గింజ కొసలు ముందు రంగు తిరుగుతాయి, ఒకటీ అరా చిటపటమంటాయి, పేలపిండి వాసన మొదలవుతుంది. రంగు లేత బెల్లం ఛాయకి వచ్చి, గింజను కొరికితే గట్టిగా కాక పుటుక్కున విరిగితే అయినట్టే. వెంటనే పళ్లెంలోకి వంచేయండి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకో ఛాయ ముదురుతుంది.

దంచాక బొంబాయి రవ్వ కంటే సన్నగా, బియ్యప్పిండి కంటే గరుకుగా ఉండాలి.

రోలే కావాలా, మిక్సీ పనికిరాదా?

ఈ సాస్‌కి మిక్సీ పనికొస్తుంది. బియ్యాన్ని ఆపి ఆపి, ఒక్కో సెకను చొప్పున తిప్పండి. నామ్ ఫ్రిక్ చేయాలంటే మాత్రం రోలే మేలు. మిక్సీ వెల్లుల్లిని, మిరపను కోస్తుంది, రోలు నలుపుతుంది, రసం దిగేది నలిగితేనే. థాయిలాండ్‌లో దంచడానికి రాతి రోలు, బొప్పాయి సలాడ్‌కి మట్టి రోలూ కర్ర రోకలీ వాడతారు. రాతి రోళ్లకి పేరుపడ్డ ఊరు చోన్‌బురిలోని ఆంగ్ సిలా. ఆ సిలా మన ‘శిల’యే.

ఏది ముందు, ఏది వెనక కలపాలి?

ఫిష్ సాస్, చింతపండు గుజ్జు, బెల్లం గిన్నెలో కలిపి గోరువెచ్చగా చేయండి, బెల్లం కరిగితే చాలు, మరగకూడదు. దింపి చల్లార్చి నిమ్మరసం, దంచిన మిరప వేసి 10 నిమిషాలు వదలండి. మిరప నాని కారం దిగేది అప్పుడే, కాబట్టి అంతకుముందు రుచి చూసి కారం పెంచొద్దు. ఉల్లిపాయలు, ఆకులు ఆ తరువాత. బియ్యప్పొడి వడ్డించే ముందు మాత్రమే.

నిమ్మరసం, చింతపండు రెండూ ఎందుకు? ఒకటి చాలదా?

చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్. మొదటిది లోతుగా, నెమ్మదిగా తగిలే పులుపు, రెండోది చురుక్కుమనేది, పైగా వాసన తెస్తుంది. ఒక్కదానితో చేస్తే తప్పు కాదు గాని సాస్ చప్పగా ఒకే తీరున ఉంటుంది. నిమ్మరసాన్ని వేడి చేస్తే వాసన పోతుంది, చేదు తేలుతుంది.

## తేడా కొట్టినప్పుడు

రాసినట్టే చేశాను, ఉప్పు కషాయం అయింది. కొలత తప్పా?

మీ చెంచా చూడండి. ఆస్ట్రేలియాలో అమ్మే టేబుల్ స్పూను 20 మిల్లీలీటర్లు, అమెరికా, ఇండియాలో దాదాపు 15. మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లు 3 చెంచాలు పోస్తే 45కి బదులు 60 మిల్లీలీటర్ల ఫిష్ సాస్ పడుతుంది. రెండో కారణం, సీసాకి సీసాకి ఉప్పు తేడా. కొత్త బ్రాండైతే ముందు 2 టేబుల్ స్పూన్లే పోసి రుచి చూడండి.

సరిదిద్దడానికి నీళ్లు పోస్తే పులుపూ పలచబడుతుంది. నీళ్లకి బదులు చింతపండు గుజ్జు ఒక చెంచా, కాస్త బెల్లం వేయండి.

బీపీ ఉన్నవాళ్లు తినొచ్చా?

లెక్క మీరే చూడండి: ఒక టేబుల్ స్పూను ఫిష్ సాస్‌లో సుమారు 1400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పే పరిమితి 2000. ముక్కని ముంచి తీయడం వేరు, అన్నంలో పోసుకు కలపడం వేరు.

గంట తరువాత చూస్తే జావలా గట్టిపడింది.

బియ్యప్పొడి ముందే కలిపారు. అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. గోరువెచ్చటి నీళ్లు ఒక్కో చెంచా పోస్తూ కలిపితే జారుగా అవుతుంది, కరకర మాత్రం తిరిగి రాదు.

చేదుగా ఉంది.

మాడిన మిరప గింజలో, మాడిన బియ్యమో, ఉడికిన నిమ్మరసమో. దేనికీ మందు లేదు. పారబోసి మళ్లీ చేయండి, బెల్లం దండగ చేయకండి.

పళ్ల కింద ఇసకలా గరగరలాడుతోంది.

బియ్యం లోపలిదాకా వేగలేదు. వేగిన గింజ నలిగిపోతుంది, వేగనిది రాయిలా మిగులుతుంది. మిగిలిన పొడిని ఇంకో 3 నిమిషాలు సన్నసెగ మీద వేయించి, మళ్లీ దంచి, మెత్తటి జల్లెడ పట్టండి.

ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

ఉల్లి, ఆకులు, బియ్యప్పొడి లేని అడుగు సాస్ ఫ్రిజ్‌లో వారం. అన్నీ కలిపాక ఆ పూటకే. బియ్యప్పొడి గాలి చొరని డబ్బాలో ఉంచితే రెండు వారాలు వాసన నిలుస్తుంది, ఆ తరువాత ఉత్త పొడే.

## రాతకెక్కిన థాయ్ వంటలు

థాయ్ సాస్‌ల గురించి పాత రాతలు ఏమున్నాయి?

బాగా తెలిసిన పాత రాతల్లో ఒకటి ఫ్రెంచివాడిది. పద్నాలుగో లూయీ రాయబారిగా 1687లో సయాం (థాయిలాండ్ పాత పేరు) వెళ్లిన సిమోన్ ద లా లూబేర్ 1691లో ఆ దేశం గురించి పుస్తకం అచ్చువేశాడు. సయామీల సాస్‌లు సాదాసీదావి, నీళ్లలో కొన్ని దినుసులు, వెల్లుల్లి, ఉల్లి, సువాసన ఆకులు అని రాశాడు. రొయ్యజాతిని సరిగా ఉప్పు పట్టించకుండా పులియబెట్టిన ‘కాపి’ని వాళ్లు ఎంతో మెచ్చుకుంటారనీ చెప్పాడు. ఈ రోజుకీ రొయ్యల ముద్ద పేరు కాపియే. అయితే అది చూసినవాడి వర్ణన, చూసి వండటానికి కుదరదు.

మిరపకాయ రాకముందు ఈ సాస్‌లు ఎలా ఉండేవి?

మిరప అమెరికా ఖండాల పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకం వెంట ఆసియాకి వచ్చింది, పోర్చుగీసులు అప్పటి సయాం రాజధాని అయుత్థయకి చేరింది 1511లో. అంతకుముందు కారమంటే ఎక్కువగా మిరియమే. ఆ గుర్తు భాషలో మిగిలింది: థాయ్‌లో మిరప ‘ఫ్రిక్’ అయితే, మిరియం ‘ఫ్రిక్ థాయ్’, అంటే ‘థాయ్ ఫ్రిక్’. మన మిరపకాయ పేరులోనూ మిరియం వినిపిస్తుంది కదా.

రాజు రాసిన వంటల పద్యం ఉందంటారు, అందులో రెసిపీలు ఉన్నాయా?

రెండో రామా (పాలన 1809–1824) రాసిన పడవ పాటలో మస్సమన్ కూర మొదలు పండ్లు, మిఠాయిల దాకా వరసగా వస్తాయి. వంట విధానం ఉండదు, ప్రతి వంటకమూ విరహానికి ఒక సాకు. కాని చరిత్రకి పనికొచ్చే మాటలు దొరుకుతాయి: ‘యామ్ యై’ అనే సలాడ్‌ని ‘జపాన్ నామ్ ప్లా’ వల్ల రుచి అని పొగిడాడు. నామ్ ప్లా అంటే ఫిష్ సాస్, జపాన్‌ది అన్నాక సోయా సాస్ అయివుంటుందని సాధారణంగా చెప్పే అర్థం. దిగుమతి సీసా గొప్ప కొత్తది కాదన్నమాట.

కొలతలతో వచ్చిన థాయ్ వంట పుస్తకం ఏది?

ఎక్కువగా చెప్పుకునేది ‘మే ఖ్రువా హువా పా’, 1908–09లో మొదలైంది. రాసినది థాన్ ఫుయింగ్ ప్లియన్ ఫాసకొరవోంగ్, మంత్రి భార్య. పేరులో ‘పా’ చివర పలకని ‘క’ అక్షరం ఒకటి ఉంటుంది, అది సంస్కృత ‘పాక’ శబ్దాన్ని గుర్తుచేసేందుకే. మన పాకశాలలోని పాకమే.

ఆ పుస్తకాల్లో ‘ఒక బాత్ మిరప’ అని ఉంటుంది. అంత డబ్బుకి కొన్నదనా?

బరువు. వెండి నాణెం బరువే కొలతగా వాడేవారు, మన తులం ఒక రూపాయి బరువైనట్టే. బాత్ సుమారు 15 గ్రాములు, అందులో నాలుగో వంతు సలుంగ్, ఎనిమిదో వంతు ఫుఅంగ్. నాలుగు బాత్‌లు ఒక తమ్లుంగ్ (60 గ్రాములు), ఇరవై తమ్లుంగ్‌లు ఒక చాంగ్. ఇప్పటికీ థాయ్ బంగారు కొట్లలో తూకం బాత్‌లలోనే చెబుతారు.

అట్ట మీద ర.శ. 127 అని ఉంది. అది ఏ సంవత్సరం?

రత్తనకోసిన్ శకం, బ్యాంకాక్ రాజధాని అయిన 1782 నుంచి లెక్క. 1781 కలపండి: 1908. కాని అప్పటి థాయ్ సంవత్సరం ఏప్రిల్‌లో మొదలయ్యేది, జనవరి–మార్చి నెలలు మన లెక్కలో 1909లో పడతాయి. 1908–09 అని రెండూ రాసేది అందుకే. 2400, 2500 ప్రాంతపు అంకెలుంటే అది బౌద్ధ శకం, 543 తీసేయండి.

చావు పుస్తకాల్లో వంటలుంటాయట, నిజమేనా?

నిజమే. పోయినవారి జ్ఞాపకంగా ఒక పుస్తకం అచ్చువేసి అంత్యక్రియలకి వచ్చినవారికి పంచడం థాయ్‌లో ఆనవాయితీ. ఇంటావిడకి వంటలో పేరుంటే ఆమె వంటకాలు అందులో చేరేవి. దుకాణాల్లో దొరకని ఇంటింటి నామ్ ఫ్రిక్ రకాలు చాలావాటిలో ఉన్నాయి. ఆ ఇంటివాళ్ల కోసం రాసినవి కాబట్టి ‘రుచికి సరిపడా’ దగ్గర ఆగిపోతాయి.

పాత రెసిపీల్లో కొలతలెందుకు ఉండవు? దాచిపెట్టారా?

దాచే అవసరం లేదు, చదివేవాడికి వంట వచ్చనే లెక్క. యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న, క్రీ.పూ. 1700 ప్రాంతపు బాబిలోనియా మట్టి పలకల్లోనూ ఎక్కువగా దినుసుల వరసే ఉంటుంది, ఎంతో ఉండదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి ‘మానసోల్లాసం’ (1130 ప్రాంతం) రాజభోగాల్లో ఒకటిగా భోజనాన్ని చెబుతుంది, వంట నేర్పే పుస్తకంగా కాదు. కొత్తగా కాపురం పెట్టి, పక్కన చెప్పేవాళ్లు లేని పాఠకులు పెరిగాకే పరిస్థితి మారింది. ఇంగ్లండ్‌లో 1845లో ఎలైజా ఆక్టన్ ప్రతి వంట చివరా దినుసులూ వాటి పరిమాణాలూ విడిగా ఇచ్చింది. బోస్టన్‌లో 1896లో ఫ్యానీ ఫార్మర్ కప్పు, చెంచా అంచుకి గీసి సమంగా కొలవాలని పట్టుబట్టింది.

## మీరు రాసి పెట్టుకునేటప్పుడు

అమ్మ ‘నిమ్మకాయంత చింతపండు’ అంటుంది. దాన్ని ఎలా రాయాలి?

ఆమె తీసిన ముద్దనే తూకం వేయండి, వేరే ఎవరి నిమ్మకాయా పనికిరాదు. మామూలుగా నిమ్మకాయంత అంటే 25–30 గ్రాములు, ఉసిరికాయంత అంటే దానిలో సగం చుట్టూ తేలుతుంది. మూడుసార్లు తూచి, మూడు అంకెలూ రాయండి, సగటు వద్దు. గింజ ఉందో లేదో, ఎన్ని నీళ్లలో పిసికారో, ఎంత గుజ్జు దిగిందో పక్కనే రాయండి.

ఏ కొలత ఖచ్చితంగా రాయాలి, ఏది వదిలేయొచ్చు?

నామ్ చిమ్ చ్యావ్‌లో బెల్లం, బియ్యప్పొడి, ఫిష్ సాస్ గ్రాముల్లో, మిల్లీలీటర్లలో రాయండి, సీసా పేరుతో సహా. నిమ్మరసానికి ‘1 టేబుల్ స్పూనుతో మొదలు’ అనండి: వేసవి కాయ పులుపు వేరు, వానాకాలం కాయది వేరు. మిరపకి కాయల సంఖ్యతో పాటు రకం పేరు లేకపోతే ఆ అంకెకి విలువ లేదు. వేయించడానికి నిమిషాలతో పాటు రంగు, వాసన రాయండి. మీ గ్యాస్ పొయ్యి మీద 12 నిమిషాలు పట్టింది, అమెరికాలో ఉన్న చెల్లెలి ఇండక్షన్ మీద 7 నిమిషాల్లోనే మాడుతుంది.